ఇంకని గుంత

మల్కాజ్‌గిరిలో శ్రీసదా గ్రీన్ రెసిడెన్సీ గేటు లోపల, వాన వెలిసిన శనివారం మధ్యాహ్నం, మేబెల్ ఒక సిమెంటు మూత ముందు నిలబడి ఉండగా పోయిన వారం కథ ఆగింది. వాచ్‌మన్ భద్రయ్య గడ్డపార తేవడానికి వెళ్లాడు.

ఇప్పుడే ఈ కథలోకి వస్తున్నవాళ్లకు ఆ మూత సంగతి కొంచెం చెప్పాలి.

మేబెల్ సికింద్రాబాద్‌లో ఒక మిషన్ హైస్కూల్లో సైన్సు టీచరు. భర్త ప్రభుదాస్ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. పద్మారావు నగర్‌లో పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు. ఆ ఇంటి పడమటి గోడ ఎండాకాలం పొద్దుగూకాక కూడా చెయ్యి పెట్టనివ్వదు. సొంతిల్లు కొనాలనుకున్నప్పుడు మేబెల్ కోరుకున్నది పెద్ద హాలూ కాదు, పాలరాతి నేలా కాదు. ఎండనీ వాననీ తెలివిగా వాడుకునే ఇల్లు చాలనుకుంది. ఏ బ్రోషర్ తెరిచినా పేరు పక్కన ఒక ఆకు బొమ్మ ఉండేది, లోపల 'ఎకో ఫ్రెండ్లీ' అని ఉండేది. ఆ మాటకు అర్థమేమిటని ఒక బిల్డరును అడిగితే ఆయన గేటు దగ్గరున్న క్రోటన్ కుండీలు చూపించాడు.

అందుకని ఆమె పదకొండు ప్రశ్నలతో ఒక కాయితం తయారు చేసుకుంది. జవాబు ఎవరైనా నోటితో చెబితే రాసుకునేది కాదు. గదుల్లో గాలి ఆడుతుందంటే దోమల కాయిల్ ముక్క ఒకటి వెలిగించి నేల మీద పెట్టి, పొగ ఎటు పోతుందో చూసేది. సాయంత్రం నాలుగింటికి వెళ్లి పడమటి గోడకు అరచెయ్యి ఆనించేది. సోలార్ హీటరు ఉందంటే మేడ ఎక్కి, దాని పైపు వెంట కింది అంతస్తు దాకా నడుచుకుంటూ వచ్చేది. ఒకచోట ఆ పైపు గోడలోకి దూరి మళ్లీ ఎక్కడా బయటికి రాలేదు. బస్టాపు ఎంత దూరమో, లోకల్ ట్రెయిన్ స్టేషను ఎంత దూరమో నడిచి చూసుకునేది. నాలుగు నెలల్లో పదిహేడు ఇళ్లు అలా చూసి, ఒక్కటీ నచ్చక ఇక చాలనుకుంటున్నప్పుడు ఈ ఇల్లు కనిపించింది.

ప్రభుదాస్ తమ్ముడు ఆర్థర్ ఇక్కడే సైట్ ఇంజనీరు. ఏప్రిల్ నెలాఖరులో ప్రభుదాసే ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. గోడలు బూడిద ఇటుకలతో కట్టారు. పడమటి కిటికీల మీద సజ్జలు రెండడుగులు ముందుకు వచ్చి ఉన్నాయి. స్థలంలో ఉన్న రెండు వేపచెట్లను కొట్టకుండా ప్రహరీగోడను వాటి చుట్టూ వంచి కట్టారు. పక్క వీధుల్లో ఎనిమిది వందల అడుగులు వేసినా బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తిరుగుతుంటే, ఇక్కడ నూట ఇరవై అడుగులకే పుష్కలంగా నీళ్లు. పది ప్రశ్నలకు ఆమె తన కళ్లతో చూసి టిక్కు పెట్టింది. పదకొండోది, మేడ మీద పడ్డ వాన నీళ్లు ఎటు పోతాయన్నది. ఇంకుడు గుంతలోకి పోతాయని ఆర్థర్ చెప్పాడు. ఎనిమిదడుగుల లోతు, తానే దగ్గరుండి తవ్వించానన్నాడు. మూత బరువుగా ఉంది. మరిది మాట కదా అని ఆ ఒక్క టిక్కూ చూడకుండా పెట్టింది.

ఆ కాయితం స్టాఫ్‌రూమ్‌లో జిరాక్సులై తిరిగింది. మేబెల్ టీచర్ చూసిందంటే ఇంకేం చూడక్కర్లేదని ముగ్గురు టీచర్లు అదే బిల్డింగులో ఇళ్లు తీసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ విజయమ్మ, తెలుగు టీచరు. ఆమె భర్త సోమయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైనవాడు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట తడబడిపోయింది. మెట్లు ఎక్కలేడు కాబట్టి విజయమ్మ గ్రౌండ్ ఫ్లోర్ తీసుకుంది. వచ్చే గురువారం గృహప్రవేశం.

శనివారం పొద్దున ఈ ఏడు మొదటి పెద్ద వాన పడింది. మధ్యాహ్నం కర్టెన్లకు కొలతలు తీసుకుందామని మేబెల్, విజయమ్మ ఇద్దరూ వచ్చారు. మేడ మీది నీళ్లు పైపులోంచి దిగి, మూత అంచుల్లోంచి పొంగి, గచ్చు మీదుగా పారి గేటు కిందినుంచి వీధిలోకి పోతున్నాయి. వాన ఆగి రెండు గంటలైనా ఒక్క చుక్క లోపలికి దిగడంలేదు. అప్పుడే మేబెల్ గడ్డపార అడిగింది.

భద్రయ్య గడ్డపార తెచ్చాడు గానీ వెంటనే మూత కింద పెట్టలేదు.

"సారుకు జెప్పకుంట తీస్తే నన్ను తిడ్తరు టీచరమ్మా," అన్నాడు.

తానే తియ్యమన్నానని చెప్పమంది మేబెల్. అతను ఇంకొకసారి గేటు వైపు చూసి, గడ్డపార మొన మూత కిందికి దూర్చి ఎత్తాడు. మూత ఒక పక్కకు లేచింది. ఇద్దరు ఆడవాళ్లూ వంగి చూశారు.

కింద జానెడు లోతు తొట్టి ఉంది. అడుగూ పక్కలూ సిమెంటుతో నున్నగా గిలాబు చేసి ఉన్నాయి. అందులో నీళ్లు నిండి, వాటి మీద ఒక ప్లాస్టిక్ చాయ్ కప్పు తేలుతోంది. పైపు ఆ తొట్టిలోకి తెరుచుకుని ఉంది. రాళ్లు లేవు, కంకర లేదు, ఇసుక లేదు. భద్రయ్య గడ్డపారతో అడుగున పొడిచి చూపించాడు. గట్టి సిమెంటు మీద ఇనుము తగిలిన చప్పుడైంది.

"గింతే టీచరమ్మా. దీని కింద ఏం లేదు."

విజయమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఇంకాసేపు అలాగే వంగి చూసింది. "ఇది గుంతనేనా?" అని అడిగింది.

"కాదక్కా," అంది మేబెల్.

మేబెల్‌కు ఆ క్షణంలో కోపం రాలేదు. సిగ్గేసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆమె ఏటా మొదటి పాఠంలో చెప్పే మాట ఒకటుంది, చూడనిది చూశానని రాయకూడదని. పిల్లల రికార్డుల్లో చూడకుండా రాసింది కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేది. ఇప్పుడు తన చేతి టిక్కును నమ్మి మూడు కుటుంబాలు ఇళ్లు మారుతున్నాయి.

ఆర్థర్‌కు ఫోన్ చేసి, మూత తీశాం, రా అని మాత్రం చెప్పింది. విజయమ్మ వెళ్లి తన కొత్త ఇంటి గడప మీద కూర్చుంది. గడపకు పసుపు రాయడానికి కొలతలు చూసుకుంటానని వచ్చేటప్పుడు దారిపొడుగునా చెప్పిన మనిషి ఆవిడ.

ఆర్థర్ అరగంటలో బైకు మీద వచ్చాడు. లేచి ఉన్న మూతను దాటుకుని వచ్చాడు గానీ దాని వైపు చూడలేదు. పైకి వెళ్లి మాట్లాడుకుందాం వదినా అన్నాడు. ఇద్దరూ రెండో అంతస్తులో మేబెల్ వాళ్లు తీసుకున్న ఇంట్లోకి వెళ్లారు. ఇంకా సామాను చేరలేదు. ఎదురెదురు కిటికీల మధ్య తడిగాలి ఆగకుండా పోతోంది.

మేబెల్ పెళ్లయి వచ్చేనాటికి ఆర్థర్ ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నాడు, లెక్కల్లో తప్పాడు. తెల్లారగట్ల వంటింట్లో కిరసనాయిలు స్టవ్ మీద కాఫీ పెట్టి, గిన్నెలు పక్కకు జరిపి, ఆ అరుగు మీదే ఆమె అతనికి రెండేళ్లు లెక్కలు చెప్పింది. ఇంజనీరింగు సీటు ఆ లెక్కలతోనే వచ్చింది. మొదటి జీతంతో అతను తల్లికి చీర, వదినకు చేతి గడియారం కొన్నాడు. ఆ ఇంట్లో ఆమెను ఇప్పటికీ ఎక్కువగా గౌరవించేది అతనే. అందుకే అబద్ధాలు చెప్పడం ఆమె ముందు అతనికి కష్టమైంది.

మొదట, అసలు గుంత వెనక వైపు ఉందన్నాడు. అయితే వెనక్కి వెళ్దాం పద అని ఆమె తలుపు వైపు నడిచింది. ఆగమన్నాడు. కార్ పార్కింగుకు చోటు చాలక చిన్నది చేశామన్నాడు. జానెడు తొట్టిని చిన్న గుంత అంటారా అని ఆమె అడిగింది. ఈ చుట్టుపక్కల ఏ బిల్డింగులో చూసినా ఇంతేనని, మున్సిపాలిటీ ఫైల్లో ఫొటో ఉంటే చాలని, ఆ ఫొటో వేరే సైటుదని చెప్పాడు. ఫైలు మీద ఎనిమిదడుగుల గుంత తవ్వించానని సంతకం తనదేనని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

మేబెల్ క్లాసులో జవాబు తెలిసీ లేవని పిల్లవాడి ముందు నిలబడ్డట్టు నిలబడింది. చివరికి అతనే నోరు విప్పాడు.

"తవ్వాం వదినా. తవ్వలేదని కాదు."

"ఎంత లోతు?"

"నాలుగడుగులు."

"ఎనిమిది తవ్వాలని నీకు తెలుసు. నాలుగు దగ్గర ఎందుకాపావు?"

"నీళ్లొచ్చాయి."

గుంత ఎప్పుడు తవ్వారని ఆమె అడిగింది. ఏప్రిల్ మొదట్లో అన్నాడు. అవతలి మూలలో ఇంకోచోట కూడా తవ్వి చూశామని, అక్కడా అంతేనని చెప్పాడు. పొద్దున తవ్వి పెడితే మధ్యాహ్నానికి సగం గుంత నిండిందట. మోటారు పెట్టి తోడినా మళ్లీ ఊరిందట.

మేబెల్ సైన్సు టీచరు. ఇక మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన నీళ్లు నేలలోకి దిగాలంటే కింద నేల ఖాళీగా ఉండాలి. నడి వేసవిలో, ఊరంతా బోర్లు ఎండిన రోజుల్లో, నాలుగడుగులకే నీళ్లు ఊరే నేల ఇంకేం తాగుతుంది? నూట ఇరవై అడుగుల బోరు చూసి తాను ఎంత సంతోషంగా టిక్కు పెట్టిందో గుర్తొచ్చింది. అదెలా సాధ్యమని ఆ రోజు ఒక్కమాట అడిగి ఉండాల్సింది. కిటికీలోంచి చూస్తే కింద వీధి మూడు వైపుల నుంచీ ఈ గేటు దగ్గరికే వాలుగా దిగుతోంది. ఆ వాలు కూడా ఆమె ఇదివరకే చూసింది. స్టేషనుకు పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు, నడక బాగుంటుందనుకుంది.

"ఇక్కడ ముందు ఏముండేది ఆర్థర్?"

అతను కిందికి, గేటు వైపు చూశాడు. తరవాత, "కుంట," అన్నాడు. "పెద్దదేం కాదు. ఎప్పుడో పూడ్చేశారు. నాకూ తెలీదు వదినా, నిజంగా. గుంతలో నీళ్లొచ్చిన రోజు సాయంత్రం సదాశివ గారు పాత పటం తీసి చూపించారు. చూపించి, చీకటి పడేలోగా పూడ్పించెయ్ అన్నారు."

సదాశివ ఈ బిల్డింగు కట్టినవాడు.

బిల్డింగుకు ఏమీ కాదని ఆర్థర్ గట్టిగా చెప్పాడు. పునాదులు రాయి దాకా తీసుకెళ్లామని, అది తన చేతిమీదుగా జరిగిన పనని, ఆ సంగతి ఎక్కడైనా రాసిస్తానన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె నమ్మింది.

"మరి కింది ఇళ్లు?"

"రెండ్రోజులు ఆగకుండా కొడితే..." అని ఆపేశాడు.

"ఎంత రావచ్చు?"

"మోకాళ్ల దాకా. ఇంకొంచెం ఎక్కువైనా రావచ్చు."

"సోమయ్య గారు మంచం మీంచి ఒక్కరే లేవలేరని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే విజయమ్మక్క చేతికి తాళంచెవులిచ్చావు."

ఆర్థర్ అప్పుడు కిటికీ వదిలి గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. తాను సంతకం పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడని సదాశివ అన్నాడట. అది నిజమే కదా అన్నాడు. తన భార్యకు ఇప్పుడు ఏడో నెల. ఈ పని పోయినా ఫరవాలేదు గానీ, బిల్డరు మీద నోరు విప్పిన ఇంజనీరని పేరొస్తే సికింద్రాబాద్‌లోనే కాదు, అటు కాకినాడ దాకా ఎవరూ పిలవరని చెప్పాడు. గేటు దగ్గర ఒక గట్టు కట్టిస్తానని, నీళ్లు తోడే మోటారు పెట్టిస్తానని, ఆ రెండూ ఈ వానల్లోగానే చేస్తానని అన్నాడు. గురువారం గృహప్రవేశం అయిపోనిమ్మన్నాడు. ఒక్క నెల రోజులు ఏమీ చెప్పవద్దన్నాడు.

అతను అబద్ధం చెప్పడంలేదు. గట్టు కడతాడు. మోటారు కూడా పెడతాడు. అతని చేతులు పనిలో ఎంత నిజాయితీగా ఉంటాయో మేబెల్‌కు తెలుసు. నెల రోజులే అడిగాడు. ఆ ఇంటికి రాబోయే బిడ్డ కోసం అత్తగారు ఇప్పటికే పాత చీరలు చింపి బొంతలు కుడుతోంది. మేబెల్ ఇవన్నీ ఆలోచించింది. ఆలోచించకుండా మెట్లు దిగిందని చెబితే అది నిజం కాదు. రెండు మూడు నిమిషాలు ఆ ఖాళీ గదిలోనే నిలబడింది.

"ఈ నెల రోజుల్లో ఒక్క పెద్ద వాన రాదని నువ్వు రాసివ్వగలవా?" అని అడిగింది.

ఆమె కిందికి దిగింది.

విజయమ్మ ఇంకా గడప మీదే ఉంది. మేబెల్ ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. నాలుగడుగుల నీళ్లు, పూడ్చిన గుంత, వేరే సైటు ఫొటో, కుంట. ఏదీ తగ్గించి చెప్పలేదు. మోకాళ్ల దాకా అన్నమాట కూడా చెప్పింది.

కుంట అన్నప్పుడు విజయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మిగతాది విన్నదో లేదో తెలియదు.

"ఆయన జెప్పిండు మేబెల్," అంది.

ఎవరు చెప్పారని మేబెల్ అడిగింది.

"మా ఇంటాయన. మే నెలల తీస్కొచ్చి ఇల్లు సూపిచ్చిన గద. గీడనే, గీ గడప లోపల కుర్సీల కూసొవెట్టిన. గేటు దిక్కు సూస్కుంట కుంట, కుంట అన్నడు. మాట సక్కగ రాదు గద ఆయనకు. నేను కుంటోణ్ణయిన అంటున్నడనుకున్న. గా మాట అనకు, నువ్వు మంచిగైతవ్, నడుస్తవ్ అని కోపం జేసిన. మల్ల అన్నడు. మల్ల కోపం జేసిన." విజయమ్మ గేటు వైపు చూసింది. "ఇంటికి పోయినంక సుత రెండు దినాలు అన్నడు. ఏడ్చిన నేను ఆయన ముందల కూసొని. అప్పటిసంది ఆ మాట అంటలేడు."

సోమయ్య ముప్పై నాలుగేళ్లు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేశాడు. చిన్నతనం నుంచి ఈ చుట్టుపక్కలే తిరిగినవాడు. ఏ వీధి కింద ఏముండేదో అతనికి తెలుసు. తెలిసింది చెప్పడానికి అతని దగ్గర ఒక్క మాట మిగిలింది. ఆ మాట పలికాడు కూడా.

విజయమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి. మేబెల్ ఆమె చెయ్యి పట్టుకోబోయి మానేసింది.

"తప్పు నాదక్కా," అంది. "మిగతా పదీ చూశాను. ఇదొక్కటీ చూడలేదు. చూసినట్టు పెట్టాను."

"నువ్వు కాయితం మీద వెట్టినవ్. నా ఇంట్ల మనిషి నోటితోని జెప్పిండు. ఎవరిది ఎంత తప్పో తరువాత సూస్కుందాం." విజయమ్మ గడప మీంచి లేచింది, చీర దులుపుకుంది. "గురువారం గృహప్రవేశం లేదు. పంతులుకు నేనే జెప్పుకుంట. ఆ ఇద్దరు టీచర్లకు ఎవరు జెప్తరు? నువ్వా, నేనా?"

తానే చెబుతానంది మేబెల్. సోమవారం దాకా ఆగనని, రేపు చర్చి అయ్యాక ఇద్దరి ఇళ్లకూ వెళ్తానంది. నోటిమాట చాలదని, రేపు సదాశివ అలాంటిదేమీ లేదంటే ఎవరి దగ్గరా ఏమీ ఉండదని విజయమ్మ అంది. తవ్వినవాళ్లు తవ్వినట్టు రాసివ్వాలంది. ఏళ్ల తరబడి పిల్లల చేత రాయించిన టీచర్లిద్దరికీ ఆ దారి వెంటనే తోచింది.

ఆర్థర్ అప్పటికి కిందికి వచ్చి బైకు దగ్గర నిలబడి ఉన్నాడు. వెళ్లిపోలేదు. మేబెల్ బ్యాగులోంచి రికార్డు బుక్కు తీసి మధ్య నుంచి ఒక తెల్ల కాయితం చింపి, పెన్నుతో పాటు అతని ముందు పెట్టింది. తేదీ, లోతు, నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎంత వచ్చాయి, ఎవరు పూడ్చమన్నారు, ఇంతవరకే రాయమంది. అతని అభిప్రాయాలేవీ అక్కర్లేదంది.

అతను పెన్ను ముట్టుకోలేదు.

"ఇది రాస్తే ఇక నాకు ఈ లైన్లో పని లేదు వదినా."

"తెలుసు. రాయకపోతే ఏమవుతుందో నీకూ తెలుసు. నేను నిన్ను బలవంతపెట్టను. నీ పేరు చెప్పకుండా నేను ఒక్కదాన్నే వెళ్లి చెప్పగలను. కానీ గుంత నేను తవ్వలేదు."

మూత పక్కన ఇంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డ భద్రయ్య ముందుకొచ్చాడు. "నేను దవ్విన," అన్నాడు. "రెండు దిక్కుల నేనే దవ్విన, నేనే పూడిసిన. నాకు రాయరాదు. సారు రాస్తే నేను యేలిముద్ర ఏస్త."

సదాశివ తనను గేటు పక్కనున్న వాచ్‌మన్ గది ఖాళీ చేయించి పంపేస్తాడని అతనికి తెలియక కాదు. ఆ గదిలోనే అతని భార్య లచ్చమ్మ అప్పుడు అన్నం వండుతోంది. ఆ మాట ఎవరూ అనలేదు, అతనూ అనలేదు.

ఆర్థర్ కాయితం బైకు సీటు మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. అక్షరం గుండ్రంగా, వరసగా, తొందరలేకుండా వచ్చింది. ఏప్రిల్ తొమ్మిదో తేదీ. ఈశాన్యం మూల. నాలుగు అడుగుల రెండు అంగుళాల దగ్గర ఊట. మేబెల్ పక్కన నిలబడి చదువుతోంది. ఆ సమయంలో అక్కడున్నవాళ్ల పేర్లు రాయాల్సి వచ్చింది. తన పేరు రాశాడు, భద్రయ్య పేరు రాశాడు, సదాశివ పేరు రాశాడు. అక్కడ పెన్ను ఆగింది.

"అంతేనా?" అని అడిగింది మేబెల్.

ఆర్థర్ మరిచిపోయాడనుకుని భద్రయ్య సాయం చేశాడు.

"పెద్ద సారు సుత ఉండె గద సారూ. మోటర్ వెట్టి తోడుతుంటే ఒడ్డు మీద నిలవడి సూసిండు."

"పెద్ద సారంటే ఎవరు?" అంది మేబెల్.

"మీ సారే టీచరమ్మా."

మేబెల్ ఆర్థర్ వైపు తిరిగింది. అతను తల ఎత్తకుండానే చెప్పాడు. ఎనిమిదడుగుల గుంత తవ్వడం చూశానని బయటి మనిషి ఒకరి సాక్షి సంతకం కావాల్సి వచ్చింది. ఆ ఫైల్లో తన సంతకం కింద ఉన్న సంతకం అన్నయ్యది.

ఏప్రిల్ తొమ్మిది. ఆ నెలాఖరులో ఒక ఆదివారం ప్రభుదాస్ ఆమెను ఈ గేటు ముందు దింపాడు. ఆమె మేడ ఎక్కింది, గోడలు తడిమింది, పొగ పెట్టి గాలి చూసింది. అతను కింద వేపచెట్టు నీడలో నిలబడి ఓపిగ్గా ఎదురుచూశాడు. ఆమె ఒక్కొక్క టిక్కూ చూపిస్తుంటే బాగుంది మేబెల్, బాగుంది అన్నాడు.

"ఆ పేరు కూడా రాయి," అంది.

"వదినా..."

"రాయి ఆర్థర్."

అతను రాశాడు. కింద సంతకం పెట్టాడు. భద్రయ్య బొటనవేలికి పెన్ను సిరా పూసుకుని ఒత్తుతుండగా గేటు చప్పుడైంది. ప్రభుదాస్ స్కూటరు తోసుకుంటూ లోపలికి వచ్చాడు. బయల్దేరే ముందు ఆర్థర్ అన్నకు ఫోన్ చేసి ఉంటాడు. ప్రభుదాస్ స్కూటరు స్టాండు వేసి, విజయమ్మకు నమస్కారం పెట్టి, తమ్ముడి పక్కకు వచ్చి సీటు మీది కాయితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తన పేరు దగ్గర ఆగలేదు. చదవడం అయ్యాక భార్య వైపు చూశాడు. అతని ముఖంలో భయం లేదు. అదే మేబెల్‌ను ఎక్కువగా కలవరపెట్టింది.

"ఈ సంగతి సదాశివ దాకా వెళ్లకముందు నువ్వొకసారి నాతో రావాలి మేబెల్," అన్నాడు. "ఆ సంతకం ఎవరి కోసం పెట్టానో చూశాక, అప్పటికీ ఈ కాయితం బయటపెట్టాలనిపిస్తే పెడుదువు గాని."